కుడి వింగ్‌లో ఎవరు ఆడారు

మా ఆయన పోయిన మూడో వారంలో పక్కింటి పెద్దావిడ గాజు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. అప్పటిదాకా ఆవిడ నాకు చెత్తడబ్బా బయట పెట్టేటప్పుడు చెయ్యి ఊపే మనిషి మాత్రమే. నర్సుగా పనిచేసే కూతురి దగ్గర ఉంటోందనీ, సెర్బియా నుంచి వచ్చిందనీ తెలుసు. అంతకు మించి తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. ఆష్‌బర్న్‌లో మా వీధి అలాంటిది. గరాజ్ తలుపు పైకి లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు కిందికి దిగుతుంది.

"గోధుమలు," అంది ఆవిడ, ఆగి ఆగి వచ్చే ఇంగ్లీషులో. "ఉడకబెట్టి, రుబ్బి, పంచదారా వాల్‌నట్సూ కలిపాను. మా దగ్గర పోయినవాళ్ళ కోసం చేస్తాం. ఒక్క చెంచా తినాలి."

గిన్నె అందుకున్నాను. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు.

లోపల సోఫాలో అత్తయ్య ఉంది. కొన్నాళ్ళు కొడుకు దగ్గర ఉండి పోదామని వచ్చిన మనిషి. ఆవిడ వచ్చి వారం తిరక్కుండానే ఆయన డేటా సెంటర్‌లో షిఫ్ట్‌కి వెళ్ళి, పార్కింగ్ లాట్‌లో కారు దిగి, తలుపు మూసి, అక్కడే పడిపోయాడు. మాకు పిల్లలు లేరు. బావగారు విజయవాడ నుంచి వచ్చి కర్మ జరిపించి తిరిగి వెళ్ళేటప్పుడు "నాతో వచ్చెయ్యమ్మా" అంటే అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "ఈ పిల్ల ఒక్కతే ఉంటుందిరా ఇంత ఇంట్లో," అంది. వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేశాం. ఇద్దరం మిగిలాం.

"ఏంటమ్మా అది?" అని అడిగింది అత్తయ్య.

"గోధుమలట అత్తయ్యా. పోయినవాళ్ళ కోసం చేస్తారట వాళ్ళ దగ్గర."

ఏటిసూతకంలో ఉన్నాం, పైగా పరాయివాళ్ళ వంట, వద్దంటుందనుకున్నాను. ఆవిడ చెంచా తెమ్మంది. నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలి, "చలిమిడిలా ఉంది," అంది. ఏమన్నదో తెలియకపోయినా గుమ్మంలోని పెద్దావిడ తల ఊపింది.

ఆ తర్వాత ఆవిడ మధ్యాహ్నాలు రావడం మొదలుపెట్టింది. కాలింగ్ బెల్ కొట్టేది కాదు, తలుపు మీద వేలితో తట్టేది. నేను ఇంటి నుంచే పనిచేసేదాన్ని. వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని సర్వర్ల అలర్ట్‌లు చూడటం నా ఉద్యోగం. ఆవిడ వచ్చి అత్తయ్యకి ఎదురుగా కూర్చునేది. ఇద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు. ఆవిడ కిటికీలోంచి చూసేది, ఈవిడ గోడకేసి చూసేది. కాసేపటికి ఆవిడ లేచి వెళ్ళిపోయేది. ఓదార్పు మాటలు చెప్పడానికి చాలామంది వచ్చారు. గుర్తున్నది మాత్రం పెద్దావిడ కూర్చోవడమే.

ఒకరోజు కాఫీ అందిస్తూ ఆవిడ చేతులు చూశాను. ఒక్క వేలూ తిన్నగా లేదు. చిటికెనవేలు పక్కకి తిరిగిపోయి ఉంది, చూపుడువేలు మధ్యలో ముడిపడి మళ్ళీ సాగినట్టుంది. కీళ్ళజబ్బు వంకర కాదది. ఆ వంకర నాకు తెలుసు. హైస్కూల్లో మా టీమ్ గోల్‌కీపర్ వేళ్ళు అలా తయారయ్యాయి.

"ఆంటీ, మీరు హ్యాండ్‌బాల్ ఆడేవారా?" అన్నాను.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "నీకెలా తెలుసు?"

"నేనూ ఆడాను. స్కూల్లో, కాలేజీలో. పివట్."

పివట్ అంటే అవతలి జట్టు గోడకట్టి నిలబడినచోట, ఆ గోడలోనే దూరి, వీపుతో తోసుకుంటూ బంతి కోసం కాచుకునే ఆటగత్తె. మోచేతి దెబ్బలన్నీ తినేది ఆవిడే. మా ఊళ్ళో డ్రిల్లు మాస్టారు సున్నంతో గీసిన కోర్టులో నేను చేసిన పని అది. పెద్దావిడ నా భుజాలకేసి చూసింది. "అవును. పివట్‌వే," అంది. తర్వాత నవ్వింది. "ఈ దేశంలో హ్యాండ్‌బాల్ అంటే గోడకి బంతి కొట్టుకోవడం అనుకుంటారు. నా కూతురి ఆస్పత్రిలో అందరికీ చెప్పాను. అందరూ గోడ ఎక్కడ అని అడిగారు. అడగని మొదటి మనిషివి నువ్వు."

"ఏమంటోంది?" అంది అత్తయ్య. చెప్పాను. ఏడుగురు ఏడుగురు ఆడే ఆట అత్తయ్యా, ఫుట్‌బాల్ లాగా గోలు ఉంటుంది కానీ చేత్తో విసరాలి, గోల్‌కీపర్ మాత్రం ఒళ్ళంతా అడ్డం పెట్టాలి.

"ఈవిడ అడ్డం పెట్టేదా?"

"అవునట."

అత్తయ్య మొదటిసారి ఆవిడను సరిగా చూసింది.

అలా మొదలైంది ఆవిడ ఊరి హ్యాండ్‌బాల్ క్లబ్ కథ. ఆవిడ ఇంగ్లీషులో చెప్పేది, నేను తెలుగు చేసేదాన్ని. మధ్యలో అలర్ట్ వస్తే ఇద్దరూ ఆగి నేను చూసుకునేదాకా కూర్చునేవారు. కుతూహలం కొద్దీ విన్నానని చెప్పలేను. చెవుల్లో ఏదో ఒక గొంతు పడుతుంటే ఇల్లు కాస్త తక్కువ ఖాళీగా ఉండేది, అంతే.

నది ఒడ్డున చిన్న ఊరు వాళ్ళది. ఊరంతటికీ పంచదార ఫ్యాక్టరీ ఒకటే ఆధారం. చెరుకు కాదు, దుంపల పంచదార. "దుంపల్లోంచి పంచదారా?" అని అత్తయ్య నమ్మలేదు. ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు పక్కన, చెరుకు బళ్ళు తప్ప వేరే సంగతి తెలియదు. కథ ముందుకు సాగాలంటే దుంపల సంగతి తేలాల్సి వచ్చింది. పెద్దావిడ కాగితం మీద ముల్లంగిలాంటి దుంప బొమ్మ గీసి చూపించింది.

ముందు ఫ్యాక్టరీ మగవాళ్ళు ఆడేవారట. ఆడపిల్లల జట్టును స్కూల్లో వ్యాయామం నేర్పే టీచరమ్మ మొదలుపెట్టింది. ఫ్యాక్టరీ బాయిలర్ల నుంచి వచ్చే బొగ్గు చిట్టెం పరిచి, చదును చేసి కోర్టు అన్నారు. దాని మీద పడితే మోకాళ్ళలో నల్లటి రవ్వలు దిగి అలాగే ఉండిపోయేవి. ఆ ఊరి ఆటగత్తెల్ని నదిలో ఈతకు వెళ్ళినప్పుడు మోకాళ్ళు చూసి గుర్తుపట్టేవారట. తర్వాత తారు కోర్టు వచ్చింది. ఆ తర్వాత, ఈవిడ జట్టులోకి వచ్చిన కొన్నేళ్ళకి, ఫ్యాక్టరీ వాళ్ళు పైకప్పున్న హాలు కట్టించారు. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద కట్టడం అదే.

ఆటగత్తెలను ఒక్కొక్కరినే తెచ్చి మా సోఫా మీద కూర్చోబెట్టింది ఆవిడ. పివట్ ఫ్యాక్టరీలో బస్తాలు కుట్టేది. ఆవిడను కదపాలంటే ఇద్దరు కావలసి వచ్చేది, ఆ ఇద్దరూ ఆవిడ దగ్గర ఉంటే మిగతావాళ్ళకు దారి దొరికేది. మధ్యలో నిలబడి ఆట నడిపించేది ఒక లెక్కల టీచరు. ఎప్పుడూ అరిచేది కాదు, వేళ్ళతో సైగ చేసేది. ఎడమ పక్క నుంచి ఫిరంగిలా విసిరే ఆవిడ కానుపైన కొన్ని నెలలకే కోర్టులోకి వచ్చి, విరామంలో బిడ్డకు పాలిచ్చి, మళ్ళీ వచ్చి గోల్ వేసేది. బంతి జారకుండా అందరూ పైన్ చెట్టు బంక చేతులకు పూసుకునేవారు. తిన్న రొట్టె, ఎక్కిన బస్సు, తట్టిన తలుపు, అన్నీ అతుక్కునేవి.

కుడి వింగ్‌లో ఒక ఎడంచేతి పిల్ల. పొట్టిగా, సన్నగా ఉండేదట. కోర్టు కుడి మూల నుంచి కుడిచేత్తో విసిరితే గోలు సన్నటి సందులా కనిపిస్తుంది. ఎడంచేత్తో విసిరేవాళ్ళకు అది తెరుచుకుంటుంది. అందుకని కుడి మూలకు ఎడంచేతివాళ్ళ కోసం ప్రతి జట్టూ వెతుక్కుంటుంది. ఆ పిల్ల మూల నుంచి గోలు ముందుకి గాల్లోకి ఎగిరి, కిందికి వచ్చేలోపు గోల్‌కీపర్ ముందుగా కదిలేదాకా ఆగేది. "ప్రాక్టీసులో రోజూ నా మీదే," అంది పెద్దావిడ. "ఈ చిటికెనవేలు వంకర దాని పనే." ఇద్దరూ బయటి ఊళ్ళకు వెళ్తే ఒకే గదిలో పడుకునేవారు.

జట్టు పై లీగ్‌లోకి ఎక్కింది. రాజధాని నుంచి వచ్చిన పెద్ద జట్టును హాల్లో ఓడించింది. ఆ రోజు ఫ్యాక్టరీ బ్యాండు వాయిస్తూ ఊరేగించారట, సైకిళ్ళ మీద వచ్చిన జనం తిరిగి ఇళ్ళకు పోలేదట. తర్వాత దేశం చీలడం మొదలైంది. ఆ ఎడంచేతి పిల్ల తండ్రి విడిపోతున్న అవతలి ముక్క మనిషి. ఒకరోజు తెల్లారేసరికి వాళ్ళింటి గోడ మీద ఎవరో ఏదో రాశారు. కొన్ని రోజులకి మ్యాచ్ ఉంది. బస్సు దగ్గర అందరూ ఎదురుచూశారు. ఆ పిల్ల రాలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే తలుపుకి తాళం.

"అయ్యో," అంది అత్తయ్య, నేను చెప్పడం పూర్తికాక ముందే. "మరి ఆ పిల్ల చోట ఎవరాడారు?"

పెద్దావిడ ముఖం వెలిగింది. స్కూలు పిల్లనొకదాన్ని దింపారట. కుడిచేతి పిల్ల, ఎప్పుడూ పెద్ద మ్యాచ్ ఆడనిది. ఆ సన్నటి సందులోంచే వేసింది, మళ్ళీ వేసింది, గెలిపించింది. బయటి ఊళ్ళో గెలుపు. బస్సులో ఆ పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని వచ్చారట. "ఎంత బాగా ఆడిందో!" అంది ఆవిడ. అంత సంతోషంగా చెప్పడం నేను అంతకు ముందు చూడలేదు.

తర్వాతిదంతా ఒక్క మధ్యాహ్నంలో చెప్పేసింది. బయటి దేశాలు ఆంక్షలు పెట్టాయి. పెట్రోలు దొరకలేదు. బయటి మ్యాచ్‌లకు రొట్టెల వ్యానులో ట్రేల మధ్య కూర్చుని వెళ్ళారు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను హాల్లో పెట్టారు. గోలుపోస్టుల మధ్య దుప్పట్లు కట్టుకుని కుటుంబాలు ఉన్నాయి. జట్టు మళ్ళీ తారు కోర్టు మీదకి వచ్చింది. ఫ్యాక్టరీ అమ్ముడుపోయింది, మూతపడింది, క్లబ్బూ మూతపడింది. హాలు ఇప్పుడు సోఫాలు, మంచాలు అమ్మే గోడౌన్. ఆ లెక్కల టీచరు ఈమధ్యే స్కూలు జిమ్‌లో ఆడపిల్లలతో పాత పేరు మీదే మళ్ళీ జట్టు కట్టింది.

"ఆ ఎడంచేతి పిల్ల ఏమైంది?" అత్తయ్యకి అదే పట్టు.

"తెలియదు," అంది పెద్దావిడ.

అప్పటికి మా ఇంట్లో మాసికాలు గడుస్తున్నాయి. ఆయన టూత్‌బ్రష్ తీసి పారేశాను, ఆయన బూట్లు గరాజ్‌లో అలాగే ఉన్నాయి. ఆఫీసు వాళ్ళు హెచ్.ఆర్. కౌన్సిలర్ నంబరిచ్చారు. ఫోన్‌లో ఆవిడ "హౌ ఆర్ యూ ఫీలింగ్?" అని అడిగితే నిజంగా ఆలోచించాను. చలికి మొద్దుబారిన వేళ్ళకు సూది గుచ్చితే గుచ్చినట్టు తెలుస్తుంది కానీ నొప్పి రాదు కదా, అలా ఉంది. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక "ఓకే" అన్నాను.

ఎండాకాలంలో ఒకరోజు పెద్దావిడ కూతురికి ఫోన్ వచ్చింది. పిట్స్‌బర్గ్ నుంచి, ఎవరో ఒకమ్మాయి. ఆ కొత్త జట్టు ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన పాత ఫొటోలో తన అమ్మను చూసి, ఒకరి నుంచి ఒకరికి అడుగుతూ పోతే ఈ నంబరు దొరికిందట. అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో ఉంది, ఆక్సిజన్ మీద ఉంది, గోల్‌కీపర్‌ను చూడాలంటోంది. ఎడంచేతి పిల్ల ఇన్నేళ్ళూ మాకు నాలుగైదు గంటల దూరంలో ఉంది.

పెద్దావిడ ఆ సంగతి ఒక్కసారి చెప్పి, రెండు వారాలు మళ్ళీ ఎత్తలేదు. తర్వాత ఒకరోజు తలుపు తట్టి, లోపలికి రాకుండానే, "శనివారం నువ్వు డ్రైవ్ చేస్తావా? నా కూతురికి షిఫ్ట్ ఉంది," అంది.

సరే అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా సరే అనేదాన్ని. కాదనడానికి కూడా కొంత ఓపిక కావాలి.

"నేనూ వస్తా," అంది అత్తయ్య. కొడుకు పోయాక ఆవిడ డాక్టర్ దగ్గరికి తప్ప గడప దాటలేదు. "ఆ పిల్లని చూడాలి."

పొద్దున్నే బయల్దేరాం. అత్తయ్య పులిహోర కలిపింది. పెద్దావిడ గుడ్డు వెయ్యకుండా బంగాళాదుంప పొరల రొట్టె చేసి తెచ్చింది. దారంతా కొండలు. ఒక సొరంగంలోకి వెళ్ళి బయటికి వచ్చాక అత్తయ్య, "వాడు నన్నిటు తీసుకొస్తానన్నాడు. పిట్స్‌బర్గ్ గుడికి," అంది. ఊరి తూర్పున హైవే దిగి కొంచెం లోపలికి వెళ్ళాక, మలుపులో చెట్ల మధ్య తెల్లటి గోపురం కనిపించింది. సంవత్సరీకాలు కాలేదు కాబట్టి మేం గుడి మెట్లెక్కకూడదు. అయినా కారు ఆపాను. "ఆగాలా అత్తయ్యా? బయట నుంచే దణ్ణం పెట్టుకుంటారా?"

ఆవిడ కిటికీ అద్దంలోంచి కాసేపు చూసింది. చేతులు ఒళ్ళోంచి పైకి రాలేదు. "పోనీ," అంది. పోనిచ్చాను.

ఎడంచేతి ఆవిడ మా కోసం వరండాలోనే నిలబడి కాచుకుంది. ముక్కుకి సన్నటి గొట్టం, పక్కన చక్రాల మీద సిలిండరు. పిల్ల పిల్ల అని చెప్పుకున్న మనిషి మా అత్తయ్య ఈడుది. నిజంగానే పొట్టి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేనేదో ఏడుపో, కౌగిలింతో ఉంటుందని ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. ఎడంచేతి ఆవిడ గోల్‌కీపర్ చెయ్యి తీసుకుని, చిటికెనవేలు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ళ భాషలో ఒక మాట అంది. పెద్దావిడ ఒక మాట అంది. లోపలికి వెళ్ళాం.

కూతురు పనికి వెళ్ళింది, ఇంట్లో ఆవిడ ఒక్కతే. పళ్ళెంలో పాకం పట్టిన చెర్రీలు, చెంచాలు, గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళు ముందు ఒక చెంచా తీపి తిని నీళ్ళు తాగాలట. అత్తయ్యకి ఎడంచేత్తో అందించింది. మా అత్తయ్య ఎడంచేత్తో ఇచ్చిన డబ్బులు కూడా పుచ్చుకోని మనిషి. ఒక్క క్షణం ఆగి, కుడిచేత్తో తీసుకుంది. "మనం బెల్లం ముక్క ఇచ్చేవాళ్ళం," అంది నాతో, "ఎండన పడి వచ్చినవాళ్ళకి."

ఎడంచేతి ఆవిడ మా కోసం ఇంగ్లీషులోనే మాట్లాడింది. "మా ఇద్దరిదీ ఒకే భాష," అంది, "ఇప్పుడు దానికి రెండు పేర్లు పెట్టారు. అందుకని ఇదే నయం." ఊపిరి కోసం మధ్యమధ్యలో ఆగేది. బస్తాలు కుట్టే పివట్ గురించి అడిగింది. పోయిందని పెద్దావిడ చెప్పింది. ఫిరంగిలా విసిరే ఆవిడ కొడుకుల దగ్గర జర్మనీలో ఉందట. హాలు అడిగింది. సోఫాలు అమ్ముతున్నారని చెబితే నవ్వి, నవ్వు దగ్గయి, చాలాసేపు తగ్గలేదు. మేమంతా ఆ దగ్గు ఆగేదాకా నేలకేసి చూస్తూ కూర్చున్నాం.

దగ్గు తగ్గాక ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, చాలా మామూలుగా అడిగింది.

"ఆ రోజు నా చోట ఎవరు ఆడారు?"

పెద్దావిడ చేతిలోని చెంచా పళ్ళెంలో పెట్టింది. నేను ఆవిడకేసి చూశాను, ఎందుకంటే జవాబు నాకు తెలుసు.

"ఎవరూ ఆడలేదు," అంది పెద్దావిడ. "ఆ మూల ఖాళీగా వదిలేశాం. ఆరుగురమే ఆడాం."

"ఆరుగురా?"

"లెక్కల టీచరు చెప్పింది, అక్కడ ఎవరినీ పెట్టనని. ఓడిపోయాం."

ఎడంచేతి ఆవిడ ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకుంది. సిలిండరు చప్పుడు వినిపిస్తోంది. తర్వాత, "మూర్ఖులు," అంది. "పిల్లల జట్టులో ఒక కుడిచేతి అమ్మాయి ఉండేది కదా. దాన్ని పెట్టాల్సింది. గెలిచేవాళ్ళు." తిడుతూనే ఉంది కానీ ముఖంలో ఏదో సడలింది. వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. పెద్దావిడ ఆవిడ పక్కన సోఫాలో కూర్చుని, మా ఇంట్లో కూర్చున్నట్టే, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

భోజనాలయ్యాయి. పులిహోర కారంగా ఉందన్నారు, అయినా తిన్నారు. ఎండ పెరడు మీద ఇంకా ఉండగానే బయల్దేరాం. వీడ్కోలు కూడా పెద్దగా ఏమీ లేదు. "మళ్ళీ రా" అని ఆవిడ అనలేదు, "వస్తా" అని ఈవిడ అనలేదు.

కారు హైవే ఎక్కాక, నేనే అడిగాను. "ఆంటీ, ఒక స్కూలు పిల్ల ఆడిందని మాతో చెప్పారు కదా?"

"ఆడింది," అంది ఆవిడ. "గెలిచాం. బస్సులో పాటలు పాడాం. ఈ ఎడంచేతిదాన్ని ఒక్కసారి కూడా తలుచుకోలేదు ఆ రాత్రి." కొంతదూరం పోయాక మళ్ళీ, "నేనూ పాడాను," అంది.

వెనక సీటులోంచి అత్తయ్య, "ఏమంటోందమ్మా?" అంది. అక్కడ జరిగింది ఆవిడకి సగమే తెలుసు. మొత్తం చెప్పాను, అడిగిన మాట, చెప్పిన జవాబు, అసలు సంగతి.

అత్తయ్య ఆలోచించింది. "మంచిదే. ఆ మనిషికి అది కావాలి, ఇచ్చింది," అంది. సొరంగం వచ్చింది, లోపల పసుపు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి అద్దం మీద పాకాయి. బయటికి వచ్చాక ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది. "కానీ నాకట్లా చెప్పొద్దు నువ్వు. నాకు ఉన్నదున్నట్టు చెప్పు. ఆ రోజు పొద్దున వాడు ఏమన్నా అన్నాడా? నా గురించి?"

ఇన్ని నెలల్లో ఆవిడ ఆ మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పాను.

"మీరు నిద్రపోతున్నారు అత్తయ్యా. జెట్‌లాగ్ అని తెల్లవారుజామున పడుకున్నారు. లేపనా అంటే వద్దన్నాడు. టిఫిన్ తినమంటే టైమ్ లేదన్నాడు. కారు తాళాలు కనిపించక విసుక్కున్నాడు. దొరికాయి. వెళ్ళిపోయాడు."

"అంతేనా?"

"అంతే."

"లేపితే బావుండేది," అంది.

"అవును అత్తయ్యా."

"నిన్ననడం లేదమ్మా."

"తెలుసు."

అద్దంలో చూస్తే ఆవిడ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. పెద్దావిడ వెనక్కి తిరిగి తన వంకర చెయ్యి సీట్ల మధ్య నుంచి చాపింది. అత్తయ్య పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. లేన్ మారుతున్న ట్రక్కు కనిపించింది, వేగం తగ్గించాను. ఆయన తాళాలు వెతుక్కుంటూ సోఫా దిండ్లు పడేసిన సంగతి, వాటిని నేను సర్దుతుండగా ఫోన్ వచ్చిన సంగతి గుర్తొచ్చాయి. అవి ఎవరికో జరిగినట్టు ఉన్నాయి. పెట్రోలు కోసం ఆగినచోట ముగ్గురం కాఫీ తాగాం. ఇంటికి చేరేసరికి ఇంకా వెలుగుంది.

వీసా గడువు ముగియడంతో అత్తయ్య సంవత్సరీకాలకు ముందే వెళ్ళిపోయింది. మాకు దగ్గర్లోనే ఉన్న డల్లస్ ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ తోసే అతను వచ్చాక నా చెయ్యి వదలకుండా, "వేళకి తిను. ఆవిడ తలుపు తడితే తియ్యి," అంది. సంవత్సరీకాలు బావగారు అక్కడే పెట్టారు. నేను వీడియో కాల్‌లో చూశాను. పొగ కెమెరాకి అడ్డం వచ్చింది, మధ్యలో నెట్ ఆగిపోయింది, మళ్ళీ కలిసేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు.

ఎడంచేతి ఆవిడ చలికాలం మొదట్లో పోయింది. పెద్దావిడ ఆకులు ఊడుస్తూ కంచె దగ్గర చెప్పింది. అంత్యక్రియలకు తన కూతురు తీసుకెళ్తానందట, ఈవిడే వద్దంది. ఆ సాయంత్రం అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. "గొట్టంతో పాపం ఎంత అవస్థ పడిందో," అంది.

ఇప్పుడు శనివారాలు పొద్దున పెద్దావిడ ఫోన్ పట్టుకుని మా ఇంటికి వస్తుంది. కొత్త జట్టు మ్యాచ్‌లను ఎవరో తండ్రి స్కూలు జిమ్‌లో నిలబడి లైవ్ పెడతాడు. బొమ్మ ఊగుతూ ఉంటుంది, సగంసేపు ఎవరిదో వీపు కనిపిస్తుంది. అన్నిటికన్నా కింది లీగ్ అది. పోయిన వారం మా వాళ్ళు దారుణంగా ఓడిపోయారు. గోల్‌కీపర్ పిల్ల బంతి వచ్చిన ప్రతిసారీ కళ్ళు మూసుకుంటోంది.

"భయం," అంది పెద్దావిడ. "ఒకసారి మొహానికి తగిలితే పోతుంది."

"పివట్ కూడా బాగాలేదు ఆంటీ," అన్నాను. "తోయడం లేదు. నిలబడి చూస్తోంది."

"చూస్తోంది," అని ఒప్పుకుంది.

మ్యాచ్ అయ్యాక పిల్లలు చేతులు కలుపుకుంటుండగా లైవ్ ఆగిపోయింది. ఆవిడ ఫోన్ జేబులో పెట్టుకుని లేచింది. "లాండ్రీ ఉంది," అంది. నాకూ ఉంది.